ఏటవాలుగా దిగిన మేకులు

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిందే, దాని తరవాత రెండో ఏడు సంగతి ఇది.

ఆ ఏడు మా నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాటా పోయింది. నాన్న వడ్రంగి. నేనూ అదే పని. నది పక్క వీధిలో మాకొక షెడ్డు ఉండేది, అద్దెది. పనీ అందులోనే, పడకా అందులోనే.

నాన్న చెల్లెలు, మా అత్త, ఆయన్ని తన ఇంటికి తీసుకెళ్లింది. అక్కడ మెతుకు ముట్టలేదాయన. తిరిగి తెచ్చి పనిబల్ల పక్కన మంచం వేస్తే, చిత్రిక చప్పుడు వింటూ గిన్నె ఖాళీ చేశాడు. ఆ రోజే నాకర్థమైంది. షెడ్డు పోతే నాన్న ఉండడు.

సరిగ్గా అప్పుడే ఇంటాయన నసగడం మొదలుపెట్టాడు. ఎవరో గోడౌను పెట్టుకుంటామంటున్నారట, షెడ్డు ఖాళీ చేస్తే బాగుంటుందట. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆ ఏడు నేను నమ్మింది నా చిత్రికని, మా నాన్నని. మిగతా లోకమంతా అనుమానమే.

అలాంటప్పుడు మా షెడ్డు మీది పైగదిలోకి అద్దెకి దిగింది ఆమె.

పైగదికి మెట్లు సందువైపునుంచి ఉన్నాయి. మా షెడ్డులోంచి ఆ మెట్ల మొదటికి ఒక లోపలి తలుపు కూడా ఉంది. సందు ఇరుకు కాబట్టి ఆమె తన సామాను మా షెడ్డులోంచి మోసుకొచ్చింది. భుజం మీద టార్పాలిన్ చుట్ట. మనిషి కంటే చుట్టే లావు.

"కాస్త జరుగుతారా? బరువుగా ఉంది."

నా నోట్లో మేకులున్నాయి. పని చేసేటప్పుడు నాలుగైదు పెదాల మధ్య పట్టుకోవడం నాకలవాటు.

"ఊ" అన్నాను.

"ఊ అంటే జరుగుతారనా, జరగరనా?"

"ఊ."

"సరే, అయితే నేనే జరుపుతాను" అని నేను మేకులు కొడుతున్న పెట్టెని కాలితో పక్కకి నెట్టి ముందుకెళ్లింది. తలుపు దగ్గర ఆగి గోడకేసి చూసింది. పోయిన వరద మరక ఇంకా ఉంది గోడ మీద, నా నడుమెత్తున.

"నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయా?"

"ఊ."

"అప్పుడు ఈయన?"

దానికి మాత్రం మేకులు తీశాను. "అప్పుడు బాగానే ఉన్నాడు. పనిబల్ల ఎక్కి కూర్చున్నాడు."

"ఇప్పుడొస్తే?"

మేకులు మళ్లీ నోట్లో పెట్టుకున్నాను.

ఆమె చుట్ట దించి నాన్న మంచం దగ్గర వంగింది. "బాబాయ్ గారూ, మీ అబ్బాయి ఎప్పుడూ ఇంతేనా?"

నాన్న ఎడమచేత్తో మంచం పట్టె మీద ఒకసారి కొట్టాడు. ఒకసారి కొడితే అవును, రెండుసార్లయితే కాదు. మా ఇద్దరి మధ్యా మిగిలిన భాష అది. ఆమెకి ఎవరూ చెప్పలేదు, అయినా పట్టేసింది.

"పాపం బాబాయ్ మీరు" అంది. "నేను లారీల మీద కప్పే టార్పాలిన్లు కుడతాను. పైన మిషను చప్పుడవుతుంది. మీ మేకుల మేస్త్రి సుత్తి కంటే తక్కువే లెండి."

ఆ పేరు వీధంతా పాకడానికి వారం పట్టలేదు.

మధ్యాహ్నం అత్త క్యారియర్ తెచ్చింది. పైకి చూస్తూ గొంతు తగ్గించింది.

"ఎవర్రా ఆ పిల్ల?"

"కుట్టుపని."

"ఇంటాయనే ఏరికోరి తెచ్చి పెట్టాడంటగా. నీ నెత్తి మీద ఎందుకు పెట్టాడో ఆలోచించావా?"

"ఎందుకు?"

"అన్నీ నేనే ఆలోచిస్తే నీకు తలకాయ ఎందుకురా."

ఆలోచించాను. ఆలోచించకుండా ఉండాల్సింది.

ఒకరోజు చెక్కలు తెచ్చి దించేసరికి ఆమె నాన్న మంచం పక్కన టేపు పట్టుకుని ఉంది. తలవైపు నుంచి కాళ్లదాకా కొలుస్తోంది. నాన్న మూతి ఎడమవైపుకి సాగింది. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వు అలాగే ఉండేది.

"ఏంటది?"

"టేపు."

"టేపని తెలుసు."

"తెలిస్తే ఎందుకడిగారు?" టేపు చుట్టేసింది. "ఊరికే కొలిచా. చేతిలో టేపుంటే ఊరుకోలేను. మిమ్మల్నీ కొలవనా?"

నా చెవులు వేడెక్కాయి. ఆమె అది చూసింది, చూసి ఊరుకుంది. అలా ఊరుకోవడం కూడా నాకు అనుమానంగానే తోచింది.

మా పనిలో ఊరికే కొలవడమన్నది లేదు. కొలిచారంటే అక్కడ ఏదో కొయ్యబోతున్నారు, లేకపోతే ఏదో పెట్టబోతున్నారు. మంచం ఉన్న చోట ఏం పెడతారు? గోడౌను బస్తాలు.

ఆ తరవాత మెట్ల మలుపు దగ్గర కొలుస్తుంటే చూశాను. గోడ నుంచి గోడకి, మెట్టు నుంచి మెట్టుకి. ఇంటాయన వరండాలో కూర్చుని వేళ్లు మడిచి ఆమెకి ఏదో లెక్క చెబుతుంటే కూడా చూశాను. నన్ను చూసి ఇద్దరూ మాట ఆపేశారు.

"చూశావా, నేను చెప్పలా?" అంది అత్త.

"ఏం చెప్పావు? నన్నే ఆలోచించమన్నావు."

"ఆ, అదే."

చినుకులు మొదలైన కాలం. రోజూ సాయంత్రం ఆమె కుట్టుపని ఆపి నాన్న దగ్గర కూర్చునేది. నేను బయట రంపం పెడుతూ వినేవాణ్ని. మొదట్లో బాబాయ్ గారూ అనేది. ఒకరోజు విన్నాను కదా, "మావయ్యా" అంటోంది.

అత్త కూడా వింది. చేతిలో గరిటె ఆగిపోయింది.

"మావయ్యట. ఏ వరసన?"

"నాకేం తెలుసు."

"కాకా పట్టడంలో కొత్త మెట్టు ఇది. రేపు నీ చేత సంతకం పెట్టించుకుని పోతుంది, అప్పుడు తెలుస్తుంది వరస."

ఆ సాయంత్రమే ఆమెని మెట్ల దగ్గర ఆపాను. నోట్లో మేకులు లేవు.

"నిన్ను ఎవరు పంపారు?"

వాన జల్లు ఆమె భుజం మీద పడుతోంది, తుడుచుకోలేదు.

"ఇన్నాళ్లకి నోరు తెరిచి ఇదా అడిగారు?" అంది. "మీ నాన్నగారినడగండి."

అడిగాను. "ఆ పిల్ల ఇంటాయన మనిషేనా?"

రెండుసార్లు కొట్టాడు.

"మరి అవన్నీ ఎందుకు కొలుస్తోంది?"

నాన్న పైకప్పుకేసి చూశాడు. ఎందుకు అన్నదానికి అవునూ కాదూ సరిపోవు. అది నాకు తెలియక కాదు. అయినా ఆయన కళ్లలో ఏదో దాస్తున్నట్టు అనిపించింది. ఇక నాన్న మీద కూడా అనుమానం పుట్టాక, నాకు మిగిలింది చిత్రిక ఒక్కటే.

మర్నాడు లోపలి తలుపు మూసి మేకులు కొట్టడం మొదలుపెట్టాను.

అవతల అడుగుల చప్పుడు ఆగింది.

"ఏం చేస్తున్నారు?"

"తలుపు వదులైంది."

"వదులైతే బిగిస్తారు. మూసెయ్యరు."

మేకు కొట్టాను.

"మేస్త్రీ, ఆకాశం చూశారా?"

"ఊ."

"చూసి కూడా కొడుతున్నారా?"

ఇంకో మేకు కొట్టాను. ఆమె పైకెళ్లిపోయింది. కాసేపటికి మిషను చప్పుడు మొదలైంది. ఎప్పుడూ లేనంత గబగబా కుడుతోంది. చీకటి పడ్డా ఆపలేదు.

తుఫాను పక్కకి మళ్లుతుందని రేడియో చెప్పింది. రేడియోని కూడా నేను నమ్మలేదు. నమ్మనప్పుడు నాన్నని ముందే ఎక్కడికైనా చేర్చి ఉండాల్సింది. గోడ మీద మరకకేసి చూశాను. పోయినసారి లాగే పనిబల్ల సరిపోతుందిలే అనుకున్నాను.

తెల్లారి గాలి లేదు. ఆకు కదల్లేదు. మధ్యాహ్నం అన్నాల వేళకి ఒక్కసారిగా విరుచుకుపడింది. రేకులు ఎగిరిపోతున్న చప్పుడు ముందు దూరంగా, తరవాత దగ్గరగా. ఎదురింటి కప్పు మొత్తం లేచొచ్చి మా వీధి తలుపులకి అడ్డంగా పడింది. అవి బయటికి తెరుచుకునే తలుపులు. భుజంతో తోశాను. కదల్లేదు.

నీళ్లు తలుపు కిందినుంచి వచ్చాయి. నడిచొచ్చినట్టు నెమ్మదిగా వచ్చి, రంపపు పొట్టుని నెట్టుకుంటూ మంచం కాళ్లని చుట్టుకున్నాయి. నాన్నని ఎత్తి పనిబల్ల మీద పడుకోబెట్టాను. పలకలు తేలడం మొదలుపెట్టాయి. తేలి, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి బల్లని కొడుతున్నాయి. కాసేపటికి గోడ మీద మరక మునిగిపోయింది. నీళ్లు ఆగలేదు.

నాన్న నాకేసి చూడట్లేదు. లోపలి తలుపుకేసి చూస్తున్నాడు.

అప్పుడే అవతలనుంచి కొట్టింది.

"మేస్త్రీ, ఉన్నారా?"

"ఊ."

"ఈసారి ఊ చాలదు. తలుపు తియ్యండి."

పట్టకారు తీసుకుని మొదటి మేకు పట్టుకున్నాను. పీకాను. రాలేదు. మేకుని ఏటవాలుగా దించి, పక్కదాన్ని దానికెదురు వాలుగా దించితే ఇక ఊడదు. ఆ విద్య నాన్నే నేర్పాడు. పని చేతకానివాణ్నై పుట్టి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

"ఏమైంది?"

"రావట్లేదు."

"ఎందుకు రావు?"

"బాగా కొట్టాను."

అవతల నవ్వు. అంత గాలిలోనూ వినబడింది.

"ఇప్పుడు నవ్వుతావా?"

"ఏడవడానికి టైం లేదు కాబట్టి. గొడ్డలి లేదా?"

"ఉంది."

"మరి?"

"ఇది నాన్న చేసిన తలుపు."

అవును, నేను పుట్టకముందు చేసింది. అన్నీ టేకు పలకలు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. మా షెడ్డుకి ఎవరొచ్చినా ముందు ఆ తలుపు చూసి, తరవాత నాన్నకి పని చెప్పేవారు.

వెనక బల్ల మీద చప్పుడైంది. నాన్న కొట్టాడు. ఒకసారి. అంత గట్టిగా ఆయన కొట్టడం నేను ఎన్నడూ వినలేదు.

"జరుగు, కొడుతున్నా" అన్నాను.

"ఊ" అంది ఆమె.

మేకులున్న చివరి పలకని వదిలేసి దాని పక్కన నిలువునా కొట్టాను. వెనకనున్న అడ్డపట్టెలు ఒక్కోటీ తెగాయి. ఆ పలక ద్వారబంధానికే ఉండిపోయింది. మిగతా తలుపు అటువైపుకి తెరుచుకుంది, నీళ్లు దానితోపాటు దూకాయి.

ఆమె రెండో మెట్టు మీద, మోకాళ్లు దాటిన నీళ్లలో తడిసి ముద్దై నిలబడి ఉంది. చంకలో టార్పాలిన్ ముక్క. లోపలికొచ్చి దాన్ని విదిలించి బల్ల మీద నాన్న పక్కన పరిచింది. ముక్క కాదది, డోలీ. నాన్న పొడవుకి సరిపోయే డోలీ. మూలలకి నాలుగు పిడులు, ఒక్కో పిడికి రెండు వరసల కుట్టు. నడుము దగ్గర మడత పడేలా పొర తగ్గించి కుట్టింది.

"తలవైపు మీరు పట్టుకోండి. కాళ్లవైపు నేను ముందు ఎక్కుతా."

"ఆగు. తల పైకుండాలి. నువ్వు తలవైపు పట్టుకుని ముందు నడువు. బరువు కింద నా మీద పడుతుంది."

"ఇదిగో, మాట్లాడటం వచ్చే మీకు" అంది. చోటు మార్చుకుంది. "మావయ్యా, భయపడకండి. మీ కొలత తప్పదు."

ఆ మెట్ల మలుపులో మంచం తిరగదు. మనిషిని అడ్డంగా ఎత్తుకున్నా తిరగదు. మలుపు దగ్గరికొచ్చాం. డోలీ నడుము దగ్గర మడత పడింది, నాన్న కూర్చున్నట్టయ్యాడు, మోకాళ్లు గోడకి తగలకుండా తిరిగిపోయాయి. అప్పుడు తెలిసింది నాకు, ఆ కొలతలన్నీ ఎక్కడికి పోయాయో.

పైన ఆమె గదిలో ఒక మూల పరుపు వేసి ఉంది. ముందే వేసి ఉంచింది. నాన్నని దాని మీద పడుకోబెట్టి తుడిచి, పొడి టార్పాలిన్ కప్పాం. కిటికీలోంచి వీధి కనబడలేదు, నీళ్లే. గాలి కాస్త తగ్గింది. ఇంకా వెలుతురుంది.

పరుపు పక్కన నేలమీద కూర్చున్నాను.

"మొదటిరోజే చెప్పొచ్చుగా" అన్నాను.

"చెప్పమంటారా అని మావయ్యనడిగా. రెండుసార్లు కొట్టారు."

"ఎందుకు?"

"మీలాగే నేనూ ఎందుకనే అడిగా. పలకలేదు. అప్పుడు ఒక్కోటి అడుగుతూ పోయా. మీకు నీళ్లంటే భయమా? అవును. ఆ భయం మీ అబ్బాయికి తెలిస్తే షెడ్డు వదిలేసి, పని మానేసి, మిమ్మల్ని ఎక్కడికో తీసుకుపోతాడా? అవును. అది మీకిష్టమా?" ఆమె పరుపు పక్క నేలమీద వేలితో రెండుసార్లు కొట్టి చూపించింది. "గట్టిగా కొట్టారు."

నాన్న కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోవట్లేదని నాకు తెలుసు.

"మరి ఇంటాయన వరండాలో?"

"వానాకాలం మావయ్యని పైన ఉంచుదాం, నేను కింద కుట్టుకుంటానని అడిగా. మీ మేస్త్రినే అడుక్కోమన్నాడు. మీ నోట్లో మేకులాయె, ఎలా అడగను?"

"వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టాడు."

"గోడౌను వాళ్లు ఎన్నిసార్లొచ్చారో లెక్క. మీరు చెక్కలకి వెళ్లినప్పుడు వచ్చారు వాళ్లు. గోడ మీద మరక చూపించి, టేపు పెట్టి ఎంత ఎత్తో కూడా చూపించా. బస్తాలు ఇంతవరకు తడుస్తాయండీ అన్నా. మళ్లీ రాలేదు. అందుకే నా మీద గుర్రుగా ఉన్నాడు ఇంటాయన."

కిటికీ చట్రం వదులుగా ఉంటే దాన్ని చూస్తూ కూర్చున్నాను.

"ఇంకేమైనా అనుమానాలున్నాయా? ఉంటే ఇప్పుడే అడిగెయ్యండి. గాలి తగ్గాక నాకు పనుంది."

ఒకటి ఉంది. దాన్ని అడగడానికి తలుపు కొట్టినంత కష్టమైంది.

"మొదట్లో బాబాయ్ అనేదానివి."

"ఆ."

"మార్చావు."

ఆమె తల తుడుచుకుంటున్న గుడ్డ ఆగింది. నాకేసి చూడకుండా గుడ్డ పిండింది. అందులో పిండడానికి నీళ్లేం లేవు.

"బాబాయ్ అంటే మీరు నాకు అన్నయ్యవుతారు" అంది. "ఆ వరస నాకు నచ్చలేదు."

బయట ఏదో పెద్ద దుంగ కొట్టుకుపోతూ గోడకి తగిలింది. ఇద్దరం ఆ చప్పుడే వింటున్నట్టు నటించాం.

"నోట్లో మేకులేం లేవుగా" అంది. "ఇప్పుడైనా ఊ అనకుండా ఏదైనా చెప్పండి."

"నాకూ నచ్చలేదు" అన్నాను.

"ఏది?"

"అన్నయ్య."

ఆమె నవ్వుకి నాన్న కళ్లు తెరిచాడు. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మూతి ఎడమవైపుకి సాగింది. చెయ్యి ఎత్తి, పక్కనున్న కుట్టుమిషను కాలి మీద కొట్టాడు.

ఒకసారి.

"అడక్కుండానే" అంది ఆమె, మెల్లగా.

తెల్లారేసరికి నీళ్లు వీధిలోకి దిగిపోయాయి. నేను కిందికెళ్లి ముందు ద్వారబంధానికి మిగిలిన ఆ పలకని ముక్కలుగా చీల్చి తీశాను. మేకులు మాత్రం రాలేదు, చెక్కతో సమంగా కోసేశాను. తరవాత బందులు విప్పి తలుపు ఊడదీసి, బురద కడిగి, ఎండలో పెట్టాను.

అత్త చీర మోకాళ్లదాకా ఎత్తి పట్టుకుని బురదలో వచ్చింది. అన్న క్షేమంగా ఉన్నాడని తెలిశాక కాసేపు ఏడ్చింది. ఏడుపు అవ్వగానే ఖాళీగా ఉన్న ద్వారబంధం కనబడింది.

"తలుపేదిరా?"

"తీసేశా."

"కొత్తది పెడతావా?"

"ఊహూ."

"అటునుంచి ఎవరైనా వస్తే?"

"రానీ."

అత్త మెట్లకేసి చూసింది, నాకేసి చూసింది. "ఏదో జరిగింది" అంది. "నాకు ముందునుంచీ అనుమానమే."

ఎండ కాస్త ఎక్కాక తలుపుకి చిత్రిక పట్టాను. తెగిన అంచుకి కొత్త పలక ఒకటి అతికాను. రంగు కలవలేదు, పాత టేకు పక్కన తెల్లగా కొట్టొచ్చినట్టుంది. కలపాలని కూడా చూడలేదు. కింద నాలుగు కాళ్లు బిగించి, అత్తా నేనూ చెరోవైపు పట్టుకుని పైకెక్కించాం. మలుపు దగ్గర నిలువుగా తిప్పాల్సొచ్చింది.

నేలమీద కూర్చుని టార్పాలిన్ కోసుకుంటోంది ఆమె. బల్ల చూసి లేచింది.

"ఎవరు కొలిచారు దీన్ని?" అంది. "నా ఎత్తుకి సరిగ్గా ఉంది."

"ఊరికే" అన్నాను.